మిస్త్రా చచ్చిన ప్రతిసారీ రూల్‌బుక్ మారింది

2000 ప్రాంతంలో వైజాగ్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడినవాళ్ళు ఎదురైతే ఒకే ఒక్క ప్రశ్న వేసి చూడండి. స్పెల్స్, అంటే మాంత్రికుడి మంత్రాలు, తొమ్మిదో లెవెల్‌తో ఎందుకు ఆగిపోయాయి? పైపైన ఆడినవాడు "రూల్ అంతే కదా" అని ఊరుకుంటాడు. మునిగి తేలినవాడు మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని కార్సస్ కథ ఎత్తుకుంటాడు. ఇక టీ చల్లారిపోయినట్టే.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. ఆ ఆట కథలు జరిగే ఫర్గాటెన్ రెల్మ్స్ లోకంలో ఒకప్పుడు నెథెరిల్ అని మాంత్రికుల రాజ్యం ఉండేది. కొండ శిఖరాన్ని అడ్డంగా కోసి, తలకిందులు చేసి, చదునైన భాగం మీద ఊరు కట్టి గాల్లో నిలబెట్టేవాళ్ళు. ఫేరిం అనే భూగర్భ జీవులు వాళ్ళ నేలలో మాయని పీల్చేయడం మొదలుపెట్టాక రాజ్యం గడగడలాడింది. అప్పుడు కార్సస్ అనే మహామాంత్రికుడు పన్నెండో లెవెల్ స్పెల్ ఒకటి కట్టాడు. దాని పని ఒక్కటే, ఒక దేవుడి శక్తిని ఊడబెరికి తనలోకి తెచ్చుకోవడం. ఆ లోకపు క్యాలెండర్ అయిన డేల్ లెక్క ప్రకారం అది మైనస్ 339. అంతమంది దేవుళ్ళలో వాడు ఎంచుకున్నది మాయాదేవత మిస్త్రిల్‌ని. మాయ మొత్తానికి ఆధారమైన అల్లిక, అంటే వీవ్, ఆవిడ చేతిలో ఉంటుంది. దాన్ని క్షణక్షణం సరిచేస్తూ ఉండాలి. ఆ పని మనిషి బుర్రకి అందదు. శక్తి వచ్చింది, పని తెలియలేదు, అల్లిక పిగిలిపోవడం మొదలైంది. ఇంకా నష్టం జరగకుండా మిస్త్రిల్ తన ప్రాణమే తీసుకుంది. మాయ ఒక్క క్షణం ఆగింది. గాల్లో ఉన్న ఊళ్ళన్నీ రాలిపోయాయి. మళ్ళీ మిస్త్రాగా పుట్టి ఆవిడ పట్టుకోగలిగినవి మూడే ఊళ్ళు. ఆ తర్వాత పదో లెవెల్, ఆపైన స్పెల్స్‌ని మనుషులకి మూసేసింది.

నిజానికి టేబుల్ ముందు పుట్టింది, కథ తర్వాత వచ్చింది. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోనే మాంత్రికుడి స్పెల్స్ తొమ్మిది గడులతో ఆగిపోతాయి. రెల్మ్స్ పెట్టె అచ్చయింది 1987లో. అంటే ఎవరో ఒక గడి ఖాళీగా ఉండటం చూసి, దాని వెనక ఒక రాజ్యాన్ని కూల్చారు. నాకు ఈ ఆటల్లో నచ్చింది సరిగ్గా ఇదే. పురాణం విడిగా, లెక్క విడిగా ఉండేవి కావు. లెక్కలో ఎక్కడ "కుదరదు" అని ఉంటే అక్కడ ఒక దేవుడి కథ ఉండేది.

2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆట ఆడే కుర్రాళ్ళకి ఇవన్నీ తాతల కబుర్లు. కానీ అందులో గేల్ అనే మాంత్రికుడి గుండెలో ఇరుక్కుని ఉన్నది ఆ నెథెరిల్ ముక్కే, అందరూ కొట్టుకు చచ్చే కిరీటం కార్సస్‌దే. ఆ గేల్ తినడానికి మాయవస్తువులు అడుగుతాడు చూడండి, అప్పుడు మొహమాటపడి మంచి ఉంగరాలు పెట్టేయకండి. పేరు ఆకుపచ్చ రంగులో ఉండి, పార్టీలో, అంటే మన గుంపులో, ఎవరికీ అక్కరకు రానివి చాలు. మూడింటితో ఆ దశ దాటిపోతుంది.

మా రోజుల్లో ఈ చరిత్ర దొరికింది ఆట లోపలి పుస్తకాల్లో. మొదటి బాల్డర్స్ గేట్ 1998 డిసెంబరులో వచ్చింది, ఐదు సీడీలు. ద్వారకానగర్, ఆశీలుమెట్ట వైపు నెట్ సెంటర్లలో ఉన్న సిస్టంలకి 4 జీబీ హార్డ్‌డిస్క్ ఉంటే గొప్ప. అందులో ఇంకో పది ఆటలు ఉండేవి. అందుకని అందరూ చిన్న ఇన్‌స్టాలే చేసేవాళ్ళు. దాంతో ఒక ఏరియా నుంచి ఇంకో ఏరియాకి వెళ్ళినప్పుడల్లా "మూడో సీడీ పెట్టు" అని ఆట ఆగేది. డ్రైవ్ గిర్రున తిరిగి చదివేలోపు చేతిలో పనేం ఉండదు. సంచిలో ఉన్న పుస్తకం మీద రైట్‌క్లిక్ కొట్టి చదువుకునేవాళ్ళం. బేన్, భాల్, మిర్కుల్ అనే ముగ్గురు మనుషులు దేవుళ్ళైన వైనం అలా చదివిందే. మృత్యుదేవుడు జెర్గల్ సింహాసనం కోసం ముగ్గురూ కత్తులు దూసి వెళితే, ఆయన విసుగుపుట్టి "తీసుకోండి" అని లేచిపోయాడు. ఎవరికేం రావాలో జెర్గల్ విరిచి ఇచ్చిన వేలి ఎముకలతో పాచికల్లా పందెం ఆడి తేల్చుకున్నారు. గెలిచిన బేన్ నిరంకుశత్వం తీసుకున్నాడు, తర్వాతవాడు మిర్కుల్ చచ్చినవాళ్ళని తీసుకున్నాడు, చివరివాడు భాల్ హత్యని తీసుకున్నాడు. దేవతల హోదాలు పందెంలో పంచుకోవడం మనకేం వింత కాదు, జూదంలో రాజ్యాలు పోగొట్టుకున్న కథలు వింటూ పెరిగినవాళ్ళమే.

ఆ హత్యాదేవుడు భాల్ తన చావు ముందే పసిగట్టి, మనుషుల కడుపున పిల్లల్ని కని పెట్టుకున్నాడు. మనం ఆడే పాత్ర ఆ పిల్లల్లో ఒకడు. ఈ సంగతి తెలిశాక, ఆటలో పీడకలల తర్వాత ఊరికే వచ్చే చిన్న చిన్న శక్తులు ఎక్కడివో అర్థమయ్యేది. మంచిగా ఆడితే గాయాలు మాన్పే శక్తి, చెడ్డగా ఆడితే ప్రాణం లాగే శక్తి. ఈ కథంతా పక్కన పెట్టినా, ఆ ఆట నేర్పిన మొదటి పాఠం వేరు. లెవెల్ వన్ మాంత్రికుడికి నాలుగు హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క, ఒంటి గట్టిదనం చెప్పే కాన్‌స్టిట్యూషన్ 16 ఉంటే ఆరు. రోజుకి ఒక్క స్పెల్. ఆ ఒక్కటీ ఏది చదివి బుర్రలో పెట్టుకోవాలి? కొత్తవాళ్ళు మ్యాజిక్ మిసైల్ పెట్టేవాళ్ళు. గురి తప్పదు నిజమే, కానీ ఆ లెవెల్లో ఒకటే బాణం, రెండు నుంచి ఐదు దాకా దెబ్బ. ముదుర్లు స్లీప్ పెట్టేవాళ్ళు. బలం నాలుగు హిట్ డైస్‌కి మించని గుంపు మొత్తం కిందపడి నిద్రపోతుంది, తర్వాత తీరిగ్గా కత్తితో పని. ఎల్ఫ్‌ల మీద మాత్రం నూటికి తొంభైసార్లు పనిచేయదు. ఇంకో సంగతి. దొరికిన స్క్రోల్‌ని, అంటే స్పెల్ రాసిన కాగితపు చుట్టని, పుస్తకంలోకి ఎక్కించుకునేటప్పుడు ఇంటెలిజెన్స్ 18 ఉంటే నూటికి 85, 16 ఉంటే 70 అవకాశం. తప్పితే స్క్రోల్ బూడిదే. అందుకే దుకాణంలో డబ్బు పోసి కొన్న ఫైర్‌బాల్‌ని సేవ్ చేయకుండా చదివేవాణ్ణి పక్క సిస్టం వాడు కూడా తిట్టేవాడు.

పెట్టుకోవడం, వాడితే ఖాళీ అవడం, మళ్ళీ నిద్ర, మళ్ళీ చదువు. కాగితం మీద ఆడే రెండో ఎడిషన్‌లో ఇది ఇంకా కచ్చితం. బాగా నిద్రపోయి లేచాక స్పెల్ లెవెల్‌కి పది నిమిషాల చొప్పున పుస్తకం ముందు కూర్చోవాలి. మూడో లెవెల్ స్పెల్ రెండు పెట్టుకోవాలంటే గంట. అడవిలో ఆ గంటలో ఏం జరుగుతుందో ఆట నడిపే డంజన్ మాస్టర్ ఇష్టం. మధ్యలో దాడి జరిగి దెబ్బ తగిలితే నోట్లో ఉన్న స్పెల్ పోతుంది. అందుకే మాంత్రికుణ్ణి వెనక నిలబెట్టి, ముందు ఇద్దరు కవచాలవాళ్ళని పెట్టే పద్ధతి వచ్చింది.

ఇప్పుడు మిస్త్రా దగ్గరికి. 1989లో రెండో ఎడిషన్ వచ్చినప్పుడు రూల్స్‌లో చాలా మారాయి. అసాసిన్ (హంతకుడు) అనే క్లాస్, అంటే పాత్ర రకం, పుస్తకంలోంచి మాయమైంది. మరి నిన్నటిదాకా అసాసిన్‌గా ఆడినవాడి పాత్ర ఏమైనట్టు? అక్కడ దేవుళ్ళని రంగంలోకి దింపారు. బేన్, మిర్కుల్ కలిసి విధి పలకలు దొంగిలించారు. అందరికీ పైనున్న 'ఏవో' (Ao) అనే దేవుడు మండిపడి దేవతలందరినీ నేలకి తోసేశాడు. డేల్ లెక్కలో అది 1358. దేవతలు మనుషుల ఒళ్ళు వేసుకుని ఊళ్ళమీద పడ్డారు. క్లరిక్‌కి, అంటే పూజారి పాత్రకి, తన దేవుడు దగ్గర్లో లేకపోతే స్పెల్ రాదు. మాంత్రికుడు దీపం వెలిగించబోతే ఇల్లు కాలేది. స్వర్గానికి మెట్లెక్కబోయిన మిస్త్రాని కాపలాదారు హెల్మ్ చంపేశాడు. బేన్ తన బలం కోసం ఆ లోకంలో ఉన్న అసాసిన్లందరి ప్రాణాలూ లాగేసుకున్నాడు. క్లాస్ తీసేయడానికి ఇంతకంటే సూటి కారణం ఉంటుందా? చివరికి మిడ్‌నైట్ అనే మాంత్రికురాలు కొత్త మిస్త్రా అయింది. సిరిక్ అనే దొంగ ఏకంగా చచ్చిన దేవుళ్ళ హోదాలు ఎగరేసుకుపోయాడు.

2008లో నాలుగో ఎడిషన్ వచ్చింది. స్పెల్ పెట్టుకోవడం, మరిచిపోవడం అనే పాత పద్ధతిని దాదాపు ఎత్తేశారు. అంత మార్పుకి మళ్ళీ చావు కావాలి కదా. డేల్ లెక్కలో 1385లో సిరిక్, చీకటి దేవత షార్ సాయంతో మిస్త్రాని చంపాడు. అల్లిక తెగింది, లోకమంతా నీలి మంటలు. అదే స్పెల్‌ప్లేగ్. 2014లో ఐదో ఎడిషన్‌కి ఆవిడ మళ్ళీ ఊపిరి పోసుకుంది, రోజుకిన్ని స్పెల్స్ అనే లెక్క, అంటే స్పెల్ స్లాట్లు, తిరిగొచ్చింది. 2000 నాటి మూడో ఎడిషన్ ఒక్కటే ఆవిడని బతకనిచ్చింది, ఆ ఎడిషన్ మీద నాకున్న పక్షపాతానికి అదీ ఒక కారణం. నాలుగో ఎడిషన్ పోరాటాలకి బాగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ స్పెల్‌ప్లేగ్ పేరుతో వందేళ్ళు ముందుకి దూకించి, తెలిసిన మనుషులందరినీ సమాధుల్లో పెట్టడం మాత్రం జీర్ణం కాలేదు.

ఫైర్‌బాల్ గురించి చెప్పకుండా ముందుకి పోలేను. పాత ఎడిషన్లలో దాన్ని గుండ్రటి మంటగా కాకుండా ఘనపరిమాణంగా లెక్కకట్టేవాళ్ళు. ఇరవై అడుగుల వ్యాసార్థం గల గోళం అంటే దాదాపు 33,000 ఘనపుటడుగులు. బయలు ప్రదేశంలో అయితే గోళంలాగే పేలుతుంది. గుహలో, సొరంగంలో అయితే చోటు దొరికినవైపల్లా పాకి ఆ 33,000 అడుగులూ నిండేదాకా ఆగదు. పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు నడవలో వేశారనుకోండి, మొత్తం 330 అడుగుల పొడవునా మంట. రెండు వైపులా తెరిచి ఉంటే ఇటు 165, అటు 165. శత్రువు వంద అడుగుల దూరంలో ఉంటే వేసినవాడి మీసాలు కూడా పోతాయి. లెవెల్‌కి ఒక ఆరు ముఖాల డైస్ చొప్పున దెబ్బ, పార్టీ మొత్తానికి. మూడో ఎడిషన్‌లో ఈ నిండే లెక్క తీసేశారు, ఆట తేలికైంది, సొరంగం అంటే ఉన్న భయం పోయింది. ఆ స్పెల్‌కి కావాల్సిన దినుసులు గబ్బిలం రెట్ట, గంధకం. ఈ జాబితా చదివిన ఏ వైజాగ్ కుర్రాడికైనా ముందు గుర్తొచ్చేది బొర్రా గుహలే. ఎరువుల ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో గంధకానికి ఎలాగూ కొదవ లేదు. మాంత్రికుడు పుట్టాల్సిన ఊరే ఇది అని జోకు.

కాగితం మీద ఆడటం మా ఊళ్ళో సాధ్యపడింది మూడో ఎడిషన్ పుణ్యమే. 2000లో ఆట అచ్చేసే కంపెనీ రూల్స్‌లో మూలభాగాన్ని ఎస్ఆర్‌డీ (సిస్టం రిఫరెన్స్ డాక్యుమెంట్) పేరుతో ఎవరైనా వాడుకోవచ్చని బహిరంగంగా వదిలేసింది. ఫ్లాపీల్లో తెచ్చి, ప్రింట్ తీసి, యూనివర్సిటీ అవుట్‌గేట్ దగ్గర జెరాక్స్ కొట్టించి, స్పైరల్ వేయిస్తే అదే గ్రంథం. బొమ్మలుండవు, కథలుండవు, దేవుళ్ళు అసలే ఉండరు. మిస్త్రా, హెల్మ్ లాంటి పేర్లు కంపెనీ తన దగ్గరే అట్టిపెట్టుకుంది. క్లరిక్ రెండు డొమైన్లు, అంటే తన దేవుడి అధికార రంగాలు, ఎంచుకోవాలి అని రూల్ ఉంటుంది, ఇరవై రెండు డొమైన్ల పట్టిక ఉంటుంది, ఆ డొమైన్లు ఇచ్చే దేవుడి పేరు దగ్గర శూన్యం.

దేవుళ్ళకంటే ముందు డైస్ సమస్య. ఇరవై ముఖాల డైస్ ఊళ్ళో ఏ బొమ్మల షాపులోనూ దొరికేది కాదు. వైకుంఠపాళి పెట్టెలో వచ్చే ఆరు ముఖాలదే దిక్కు. దానితో నాలుగు కావాలంటే ఐదు, ఆరు పడితే మళ్ళీ వేయాలి. పన్నెండు కావాలంటే నాణెం కలపాలి, బొమ్మ పడితే అంతే, బొరుసు పడితే ఆరు కలుపు. ఇరవైకి మాత్రం పేకముక్కలే శరణ్యం. రాజు, రాణి, జాకీ తీసేస్తే నలభై మిగులుతాయి. ఎర్రవి ఆసు నుంచి పది దాకా ఉన్నదున్నట్టు. నల్లవాటికి పది కలపాలి. ఒక్కో అంకెకి రెండేసి ముక్కలు, లెక్క సరిసమానం. ఇస్పేటు పది గానీ కళావరు పది గానీ లేస్తే ఇరవై పడ్డట్టు, బల్ల దద్దరిల్లాల్సిందే. ఆఠీన్ ఆసు లేస్తే అందరూ తల పట్టుకోవాలి. తీసిన ముక్కని ప్రతిసారీ తిరిగి కలిపి పిసకాలి. బద్ధకించి పక్కన పెడుతూ పోతే, పెద్దవి అన్నీ ముందే అయిపోయి రాత్రి పదింటికి మిగిలేవి దరిద్రపు ముక్కలే, డ్రాగన్ సరిగ్గా అప్పుడే వస్తుంది. ఎంవీపీ కాలనీ డాబాల మీద ఆడినవాళ్ళకి ఇంకో తలనొప్పి తెలుసు. సముద్రపు తేమకి అట్టముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి, పైనున్నవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. దానికి మందు టాల్కం పౌడర్. ముక్కల మధ్య చిటికెడు చల్లి దులిపితే ఓ పూట లాగించొచ్చు. ప్లాస్టిక్ పేక వచ్చాక ఆ బాధ తప్పింది.

ఇక దేవుళ్ళు. మొదటి నియమం, ఎవరూ చెప్పకుండానే అందరూ ఒప్పుకున్నది: మన ఇంట్లో దండం పెట్టుకునే దేవుళ్ళని ఆటలోకి తేకూడదు. 1980 నాటి ఒక దేవతల పుస్తకంలో మన దేవతలకి కూడా హిట్ పాయింట్లు, దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే ఆర్మర్ క్లాస్ వేసి అచ్చేశారు. అది ఇక్కడ కుదిరే పని కాదు. పైగా అనవసరం. హిట్ పాయింట్లు రాసిన మరుక్షణం దేవుడు ఇంకో రాక్షసుడైపోతాడు, పన్నెండో లెవెల్ దాటిన ప్రతి పార్టీ ఆయన్ని కొట్టడానికి బయల్దేరుతుంది.

దేవుడికి కావాల్సినవి వేరు. ఆయన హద్దు ఎక్కడిదాకా, ఆయనకేం కావాలి, ఆయన దగ్గర ఏం చేయకూడదు, అడిగినదానికి ఏం పుచ్చుకుంటాడు. ఈ నాలుగూ రాసుకుంటే రూపం, వాహనం, ఆయుధం తర్వాత ఎవరైనా చెప్తారు. విశాఖలో పెరిగినవాళ్ళకి ఈ ఆలోచన కష్టపడి తెచ్చుకోవాల్సింది కాదు. బురుజుపేటలో కనకమహాలక్ష్మికి గర్భగుడి పైకప్పు ఉండదు, ఎవరి పూజ వాళ్ళే స్వయంగా చేసుకుంటారు, మార్గశిర గురువారాలు జనం పోటెత్తుతారు. సింహాచలంలో స్వామి నిజరూపం అక్షయ తృతీయ నాడు తప్ప కనబడదు, మిగతా ఏడాదంతా చందనం పూతలోనే. ఒక్కో దేవుడికీ ఒక్కో పద్ధతి, దానికి ఒక కారణం, ఆ కారణానికి ఒక కథ. ఆటలో చేయాల్సిందీ అదే.

మేం సొంతంగా కట్టుకున్న దేవుళ్ళలో ఆ రోజుల్లో బల్లమీద ఎక్కువకాలం నిలబడినవాడు లంగరయ్య, రేవు దేవుడు. డొమైన్లు రక్షణ, నీరు. హద్దు: లంగరు తాడు తడిసినంత మేర, అంటే తీరం నుంచి దూరం పోయినకొద్దీ పూజారికి బలం తగ్గుతుంది. చేయకూడనిది: కదిలే పడవలో నిద్రపోకూడదు. ఈ ఒక్క షరతు ఎన్ని కథలు పుట్టించిందో. సముద్రయానం మొదలైతే క్లరిక్ రాత్రంతా మేల్కోవాలి, లేదా నడిసంద్రంలో లంగరు దించమని సరంగుతో తగువు పెట్టుకోవాలి. నిద్ర లేకపోతే పొద్దున స్పెల్స్ రావు. ఆ సంగతి తెలిసిన శత్రువులు పోరుని సముద్రంలోకి లాగేవాళ్ళు.

కొలిమిరాయుడిది స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో పుట్టుక అని వేరే చెప్పక్కర్లేదు. అక్కడి బ్లాస్ట్ ఫర్నేస్‌లకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఊరు మనది. ఫర్నేస్ చల్లబడితే లోపల ఇనుము గడ్డకట్టి అంత పెద్ద నిర్మాణం పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంటుంది, అందుకే దాన్ని రాత్రీపగలూ ఆరనివ్వరు. ఆ దేవుడి షరతు కూడా అదే. పూజారి వెంట నిప్పుకుండ ఉండాలి, ఆరకూడదు. డొమైన్లు అగ్ని, బలం. లెక్కలోకి దించితే, రోజుకి రెండు వీశెల బొగ్గు మోయాలి, వాన పడితే కుండకి మూత వేసి గంటకోసారి తెరిచి ఊదాలి, మూత పూర్తిగా బిగిస్తే గాలాడక ఆరిపోతుంది. నీళ్ళలో దూకాల్సి వస్తే కుండ ఎవరికి అప్పగిస్తావు? నమ్మకస్థుడైన తోడు లేనివాడు ఆ దేవుణ్ణి కొలవలేడు. పార్టీలో దొంగకి, పూజారికి ఎడతెగని వైరం ఎక్కడ మొదలయ్యేదంటే ఈ కుండ దగ్గరే.

ఓడిపోయిన దేవుళ్ళూ ఉన్నారు. అన్నీ తెలిసిన, అంతటా ఉన్న, అందరినీ సమానంగా చూసే సర్వేశ్వరుడు ఒకణ్ణి చాలా భక్తితో రాశారు ఎవరో. ఒక్కరూ తీసుకోలేదు. ఆయనకి ఏమీ అక్కర్లేదు, కాబట్టి ఆయనతో బేరానికి చోటే లేదు. యుద్ధదేవుడిదీ అదే గతి. అందరూ ఎలాగూ యుద్ధమే చేస్తారు, ఆయన ప్రత్యేకంగా అడిగేదేముంది?

దేవుడి మనసు తెలుసుకోవడానికి డైస్ బదులు గవ్వలు వాడేవాళ్ళం. ఆరు గవ్వలు, వెల్లకిలా పడ్డవి లెక్కపెట్టాలి. రెండు వైపులా సమానంగా పడతాయనుకుంటే 64 రకాలుగా పడొచ్చు. అందులో మూడు వెల్లకిలా పడేవి 20. అప్పుడు దేవుడు పట్టించుకోలేదని అర్థం. రెండు గానీ నాలుగు గానీ పడేవి 30. ఏదో ఒక శకునం. ఒకటి లేదా ఐదు పడేవి 12. ఒకటి పడితే ఏదో అడుగుతాడు, ఐదు పడితే ఏదో ఇస్తాడు. ఏదీ పడకపోయినా, ఆరూ పడినా, రెండూ కలిపి 64లో రెండే, ఆయనే స్వయంగా వస్తాడు. ఎందుకొచ్చాడో వచ్చాకే తెలుస్తుంది. అదే పనికి ఇరవై ముఖాల లెక్క వాడితే ప్రతి అంకెకీ సమాన అవకాశం కాబట్టి దేవుడు పూటకోసారి ఊడిపడతాడు, విలువ పోతుంది. గవ్వలతో చిక్కల్లా అవి నిజంగా సమానంగా పడవు. వీపు ఉబ్బుగా ఉన్నవి ఒకవైపుకే మొగ్గుతాయి. ఒక్కోదాన్నీ యాభైసార్లు వేసి, ఇరవై నుంచి ముప్పై మధ్య వెల్లకిలా పడ్డవే ఉంచుకోవాలి. బీచ్‌లో అమ్మే మెరుగుపెట్టిన పెద్ద గవ్వలు చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ ఈ పరీక్షలో దాదాపు అన్నీ తప్పేవి. చిన్నవే నయం.

2002లో మారోవిండ్ అనే ఇంకో కంప్యూటర్ ఆట వచ్చాక దేవుళ్ళ గురించిన ఆలోచనే అడ్డం తిరిగింది. అక్కడ గుళ్ళో పూజలందుకునే ముగ్గురూ, వివెక్, అల్మలెక్సియా, సోతా సిల్, ఒకప్పుడు మామూలు మనుషులు. చచ్చిన దేవుడు లోర్ఖాన్ గుండె మీద పనిముట్లు ప్రయోగించి దైవత్వం దొంగిలించారు. ఆ పనిముట్లు మూడు: సండర్ అనే సుత్తి, కీనింగ్ అనే బాకు, రెయిత్‌గార్డ్ అనే చేతి తొడుగు. చివర్లో ఆ గుండెని మనమే పగలగొట్టాలి. తొడుగు వేసుకోకుండా సుత్తి పట్టుకుంటే క్షణాల్లో చస్తాం. చాలామంది అక్కడే పోయేవాళ్ళు, తొడుగు సంచిలో పెట్టుకుని. ముందు సుత్తితో ఒక దెబ్బ, తర్వాత బాకుతో గుండె పగిలేదాకా పొడవాలి. వరస తప్పితే పని జరగదు.

ఆ ఆటలో స్పెల్ తుస్సుమనడానికి కారణం చాలామందికి ఇప్పటికీ తెలియదు. అలుపు. నైపుణ్యాన్ని రెట్టింపు చేసి, విల్‌పవర్‌లో ఐదో వంతు, లక్‌లో పదో వంతు కలిపి, స్పెల్ ఖర్చు తీసేస్తారు. వచ్చినదాన్ని అలుపుతో గుణిస్తారు. ఒంట్లో సత్తువ చూపే ఆకుపచ్చ గీత నిండుగా ఉంటే ఒకటింపావుతో, ఖాళీగా ఉంటే ముప్పావుతో. అంటే నూటికి 60 రావాల్సిన స్పెల్ నిలబడి వేస్తే 75, పరిగెత్తుకొచ్చి వగరుస్తూ వేస్తే 45. స్పెల్స్‌కి ఖర్చయ్యే శక్తి, మ్యాజికా కూడా దానంతటది నిండదు, పడుకోవాలి లేదా మందు తాగాలి. ఆట మొదలయ్యే ఊరు సేడా నీన్ దాటగానే ఆకాశం నుంచి ఒక మాంత్రికుడు కేక పెడుతూ పడి చస్తాడు. వాడి దగ్గర మూడు స్క్రోల్స్. ఒకటి చదివితే ఏడు సెకన్లపాటు గెంతే నైపుణ్యం వెయ్యి పెరుగుతుంది. ఒక్క గెంతుకి సగం దీవి దాటొచ్చు. దిగేటప్పుడు మాత్రం ఏడు సెకన్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. నేల తాకే ముందు రెండోది చదవాలి. అందుకే మూడు స్క్రోల్స్ అంటే మూడు ప్రయాణాలు కాదు, ఒకటిన్నర.

అక్కడి నుంచి మా బల్లకి ఎక్కిన ప్రశ్న, దేవుడు పోతే పూజారి ఏమవుతాడు? దీనికి జవాబు 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఉంది. క్లరిక్ స్పెల్స్ అన్నీ దేవుడే ఇవ్వడు. మొదటి రెండు లెవెల్స్ సొంత సాధన. మూడు, నాలుగు, ఐదు దేవుడి దూతలు ఇస్తారు. ఆరు, ఏడు మాత్రమే దేవుడు స్వయంగా. కొన్ని కాగితాలు ఊళ్ళోనే అయిపోతాయి, కొన్నింటికి ఎమ్మార్వో, కొన్నింటికి కలెక్టరే సంతకం పెట్టాలి, అలాగన్నమాట. ఏడాదిపాటు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకి ఈ రూల్ విప్పి చెప్పక్కర్లేదు.

కొలిమిరాయుడి పెద్ద కొలిమి ఆరిపోయిన కథలో ఈ పద్ధతే వాడారు. మూడో ఎడిషన్‌లో క్లరిక్ స్పెల్స్ తొమ్మిది లెవెల్స్ కాబట్టి సర్దుకోవాలి. ఆరు, ఆపైనవి ఆ క్షణమే పోతాయి. మూడు నుంచి ఐదు దాకా దూతల దగ్గర నిల్వ ఉన్నంతకాలం, రోజుకొక లెవెల్ పైనుంచి కింద దాకా రాలిపోతాయి. డొమైన్ శక్తులు దూతలతోపాటే పోతాయి. మిగిలేవి ఒకటి, రెండు లెవెల్స్: చిన్న గాయం మాన్పడం, దీవెన, మనిషిని కట్టిపడేయడం. పదకొండో లెవెల్ పూజారి, చేతిలో చల్లారిన కుండ, ఎదురుగా ఎప్పటి శత్రువులే. నియమం కాగితం మీద రాసిపెట్టకపోతే ఇక్కడే తగువులొస్తాయి. ఆడేవాడికి అన్యాయం అనిపిస్తుంది, కాబట్టి దేవుణ్ణి ఎంచుకునే రోజే ఈ పట్టిక చూపించి సంతకం తీసుకునేవాళ్ళు. అలాంటి కాగితాలు చాలావరకు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌లో తడిసి ముద్దయ్యాయి. ఈ పట్టిక చాలామందికి నోటికొచ్చు కాబట్టి మిగిలింది.

వేరే దేవుడి గుడికి మారొచ్చా అంటే మారొచ్చు, కానీ కొత్త దేవుడి షరతు ఒక నెల పాటించాకే మూడో లెవెల్ తెరుచుకుంటుంది. లంగరయ్య దగ్గరికి వెళ్ళిన కొలిమి పూజారికి మొదటి చిక్కు, నిప్పుకుండ వదిలేయాలా వద్దా అని. పట్టికలో దాని గురించి ఏమీ లేదు. చాలా బల్లల దగ్గర వదలకుండానే ఆడారు. దానికి లంగరయ్య ఏమంటాడో గవ్వలు వేసి చూసుకునేవాళ్ళు.